సహజవాయువు: ఎంత వాడాలి, ఎక్కడ వాడాలి?



ఒకసారి మీ ఇంటి వంటగదిలోకి వెళ్ళి చూడండి. పొయ్యి పక్కన ఎర్ర సిలిండరు ఉందా, లేక గోడ వెంబడి ఒక సన్నని పైపు వచ్చి పొయ్యికి కలుస్తోందా? రెండింటినీ మనం "గ్యాస్" అనే అంటాం. కాని అవి రెండు వేర్వేరు ఇంధనాలు. సిలిండరులో ఉండేది ఎల్పీజీ, అంటే ప్రొపేన్, బ్యూటేన్‌ల మిశ్రమం. కాస్త ఒత్తిడి పెడితే అది ద్రవంగా మారుతుంది. సిలిండరును కదిపితే లోపల ద్రవం కదిలినట్లు తెలిసేది అందుకే. పైపులో వచ్చేది సహజవాయువు. అందులో అత్యధిక భాగం మీథేన్. ఎల్పీజీ గాలి కంటే బరువు కాబట్టి లీకయితే నేలను పట్టుకుని ఉంటుంది. మీథేన్ గాలి కంటే తేలిక కాబట్టి పైకి పోతుంది. లీకు జరిగితే మనం ముక్కుతో పసిగట్టడానికి వీలుగా రెండింటిలోనూ మెర్కాప్టాన్ అనే ఘాటైన వాసన గల పదార్థాన్ని కలుపుతారు.

ఈ పాఠంలో మనం చెప్పుకునేది రెండో ఇంధనం గురించి. మన దేశం వాడే మొత్తం ప్రాథమిక ఇంధనంలో సహజవాయువు వాటా 6, 7 శాతం మధ్య ఉంటోంది. ప్రపంచ సగటు దాదాపు 23 శాతం. 2030 నాటికి మన వాటాను 15 శాతానికి పెంచాలన్నది కేంద్ర ప్రభుత్వం చాలాకాలంగా చెబుతున్న లక్ష్యం. ఒక శిలాజ ఇంధనం వాడకాన్ని రెండింతలకు పైగా పెంచడం వాతావరణ విధానంలో భాగం ఎలా అవుతుంది? మీకు ఈ సందేహం వచ్చి ఉంటే అది సరైన సందేహమే. దానికి సమాధానం ముందుగా రసాయనశాస్త్రంలో ఉంది, తరువాత మార్కెట్‌లో ఉంది, చివరికి పైపుల అతుకుల్లో ఉంది. వరుసగా చూద్దాం.

మీథేన్ అణువులో ఒక కార్బన్ పరమాణువు, నాలుగు హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. మండినప్పుడు కార్బన్ భాగం కార్బన్ డై ఆక్సైడ్‌గా, హైడ్రోజన్ భాగం నీటి ఆవిరిగా మారుతుంది. అంటే వచ్చే వేడిలో గణనీయమైన భాగం హైడ్రోజన్ మండడం వల్ల వస్తుంది, దాని వల్ల కార్బన్ డై ఆక్సైడ్ పుట్టదు. బొగ్గులో వేడినిచ్చేది ప్రధానంగా కార్బనే. అందువల్ల ఒక మెగాజౌల్ వేడి పొందడానికి బొగ్గును కాలిస్తే సుమారు 95 గ్రాముల కార్బన్ డై ఆక్సైడ్ వెలువడుతుంది, సహజవాయువును కాలిస్తే సుమారు 55 గ్రాములే.

విద్యుత్ కేంద్రంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది. బొగ్గు కేంద్రంలో నీటిని ఆవిరి చేసి టర్బైను తిప్పుతారు. బొగ్గులోని శక్తిలో మూడింట ఒక వంతు, మహా అయితే మరికొంచెం, విద్యుత్తుగా మారుతుంది. గ్యాస్ కేంద్రాల్లో "కంబైన్డ్ సైకిల్" అనే పద్ధతి ఉంది. మొదట మండుతున్న వాయువే టర్బైనును తిప్పుతుంది. బయటికి వచ్చే వేడి పొగతో నీటిని ఆవిరి చేసి రెండో టర్బైనును తిప్పుతారు. ఒకే ఇంధనంతో రెండు పనులన్నమాట. మంచి కేంద్రంలో సగానికి పైగా శక్తి విద్యుత్తు అవుతుంది. ఫలితంగా ఒక యూనిట్ విద్యుత్తుకు మన బొగ్గు కేంద్రాలు 900 గ్రాములకు పైగా కార్బన్ డై ఆక్సైడ్ వదిలితే, మంచి గ్యాస్ కేంద్రం 400 గ్రాములకు అటూ ఇటూగా వదులుతుంది. బూడిద ఉండదు, గంధకం దాదాపు ఉండదు. బొగ్గు కేంద్రాన్ని చల్లారిన స్థితి నుంచి పూర్తి సామర్థ్యానికి తేవడానికి చాలా గంటలు పడుతుంది. గ్యాస్ టర్బైనును అంతకంటే ఎంతో తొందరగా అందుకోవచ్చు. ఈ చివరి గుణాన్ని గుర్తుంచుకోండి, మళ్ళీ పని పడుతుంది.

ఇన్ని సుగుణాలున్న ఇంధనం మన దగ్గర 6, 7 శాతం దగ్గరే ఎందుకు ఆగిపోయింది? దానికి కొంత చరిత్ర తెలియాలి.

1974లో ముంబై తీరానికి దూరంగా బాంబే హై క్షేత్రం బయటపడింది. అక్కడ అందరూ వెతికింది చమురు కోసం. చమురుతో పాటు వచ్చే గ్యాసును ఒడ్డుకు తెచ్చి వాడుకునే ఏర్పాట్లు మొదట్లో సరిపోయేవి కావు కాబట్టి చాలా గ్యాసును అక్కడే మంటపెట్టి వదిలేసేవారు. 1984లో గెయిల్ సంస్థ ఏర్పడింది. గుజరాత్‌లోని హజీరా నుంచి మధ్యప్రదేశ్‌లోని విజయపూర్ మీదుగా ఉత్తరప్రదేశ్‌లోని జగదీశ్‌పూర్ వరకు పెద్ద పైపులైను వేశారు. ఆ దారి పొడవునా యూరియా కర్మాగారాలు లేచాయి. యూరియా తయారీలో గ్యాస్ ఇంధనం మాత్రమే కాదు, ముడిసరుకు కూడా. మీథేన్ నుంచి హైడ్రోజన్, హైడ్రోజన్‌తో అమోనియా, అమోనియా నుంచి యూరియా వస్తాయి. మన దేశంలో వాడే గ్యాసులో సుమారు 30 శాతం ఇప్పటికీ ఎరువుల కర్మాగారాలకే పోతోంది. గ్యాస్ అనగానే విద్యుత్తో, వాహనాలో గుర్తుకొస్తాయి గానీ అసలు పెద్ద వాటా మన పొలాల్లో పడుతోంది.

ఇక మన తెలుగువారికి బాగా పరిచయమైన అధ్యాయానికి వద్దాం. 2002లో కృష్ణా-గోదావరి బేసిన్‌లో, కాకినాడ తీరానికి ఎదురుగా లోతు సముద్రంలో, డీ6 బ్లాకులో రిలయన్స్ సంస్థ భారీ గ్యాస్ నిక్షేపాలు కనుగొన్నది. 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలయింది. గాడిమొగ దగ్గర ఒడ్డుకు చేరిన గ్యాస్ కాకినాడ నుంచి గుజరాత్‌లోని భరూచ్ దాకా దేశాన్ని అడ్డంగా దాటే పైపులైనులో ప్రవహించింది. ఏడాది తిరక్కుండానే ఉత్పత్తి రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లు దాటింది. 8 కోట్లకు చేరుతుందని అంచనా వేశారు. ఆ రోజుల్లోనే దేశ ఇంధనంలో గ్యాస్ వాటా 10 శాతం దగ్గరికి వెళ్ళింది. అంటే 15 శాతం వైపు మనం ఒకసారి సగానికి పైగా దారి నడిచి, వెనక్కి వచ్చాం.

వెనక్కి రావడానికి కారణం ఆ ఉత్పత్తి నిలబడకపోవడం. 2010 తరువాత అది పడిపోవడం మొదలై 2013 నాటికి రోజుకు ఒకటిన్నర కోటి ఘనపు మీటర్ల స్థాయికి జారింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయని, భూగర్భం ఊహించినట్లు లేదని కంపెనీ చెప్పింది. ఒప్పుకున్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం ఆరోపించింది. వివాదం మధ్యవర్తిత్వానికి వెళ్ళింది. ఆ బ్లాకులో మొదట తెరిచిన ప్రధాన క్షేత్రం 2020 ఫిబ్రవరిలో మూతపడింది. అదే బ్లాకులో 2020 డిసెంబరు నుంచి 2023 వరకు మూడు కొత్త క్షేత్రాలు తెరవడంతో ఉత్పత్తి మళ్ళీ రోజుకు 3 కోట్ల ఘనపు మీటర్ల చుట్టుపక్కలకు వచ్చింది. అది మంచి సంగతే. కాని ఈలోగా జరగవలసిన నష్టం జరిగిపోయింది.

ఆ నష్టం ఎక్కడ కనిపిస్తుందంటే, రాజమహేంద్రవరం పక్కన వేమగిరి, జేగురుపాడు నుంచి విజయవాడ దగ్గర కొండపల్లి దాకా కట్టిన గ్యాస్ విద్యుత్ కేంద్రాల్లో. డీ6 గ్యాసును నమ్ముకుని బ్యాంకుల అప్పులతో విస్తరించిన యంత్రాలకు ఇంధనం రాలేదు. 2012-13లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకు "పవర్ హాలిడే"లు ప్రకటించవలసి రావడానికి ఈ గ్యాస్ కొరత ఒక ముఖ్య కారణం. సామర్లకోటలో 2,400 మెగావాట్ల కేంద్రం కోసం తెప్పించిన టర్బైన్లు ఏళ్ళ తరబడి పని లేకుండా ఉండిపోయాయి. వాటిలో కొన్నిటిని చివరికి బంగ్లాదేశ్‌లోని మేఘనాఘాట్‌కు తరలించి అక్కడ కేంద్రం కట్టారు. దేశం మొత్తం మీద గ్యాస్ ఆధారిత విద్యుత్ సామర్థ్యం సుమారు 25 వేల మెగావాట్లు ఉంటే, అందులో 14 వేల మెగావాట్లకు పైగా గ్యాస్ సరఫరా లేక నిలిచిపోయిందని 2019లో పార్లమెంటు స్థాయీ సంఘం ముందుకు వచ్చిన లెక్కలు చెప్పాయి. విధానాలు రాసేవారు, ప్రాజెక్టులు కట్టేవారు సముద్రగర్భం మీద పెట్టుకున్న నమ్మకానికి ఇది ఖరీదైన పాఠం.

సొంత గ్యాస్ చాలకపోతే కొనుక్కోవచ్చు కదా అంటారు. కొంటున్నాం. మనం ఏడాదికి వాడే సుమారు 7,000 కోట్ల ఘనపు మీటర్లలో దాదాపు సగం దిగుమతే. మీథేన్‌ను మైనస్ 162 డిగ్రీల సెంటిగ్రేడ్‌కు చల్లబరిస్తే ద్రవమై, దాని ఘనపరిమాణం 600వ వంతుకు తగ్గిపోతుంది. దీన్నే ఎల్‌ఎన్‌జీ అంటారు. ప్రత్యేకమైన ఓడల్లో తెచ్చి, తీరంలో మళ్ళీ వేడి చేసి వాయువుగా మార్చి పైపుల్లోకి పంపుతారు. ఖతార్‌తో 1999లో కుదిరిన ఒప్పందం కింద 2004లో గుజరాత్‌లోని దహేజ్ టెర్మినల్‌కు మొదటి సరుకు చేరింది. తరువాత హజీరా, కొచ్చి, ఎన్నూరు, ధామ్రా వంటి చోట్ల టెర్మినళ్ళు వచ్చాయి. తుర్క్‌మెనిస్తాన్ నుంచి ఆఫ్ఘనిస్తాన్, పాకిస్తాన్‌ల మీదుగా పైపులైను వేయాలని 2010 డిసెంబరులో నాలుగు దేశాలు ఒప్పందం చేసుకున్నాయి గాని ఆ గ్యాస్ మన సరిహద్దు దాకా రాలేదు.

ఎల్‌ఎన్‌జీతో వచ్చిన చిక్కు ధర. దీర్ఘకాల ఒప్పందం కింద కొన్నది ఒక ధర, అప్పటికప్పుడు మార్కెట్‌లో కొన్నది మరో ధర. గ్యాస్ ధరను పది లక్షల బీటీయూలకు ఇన్ని డాలర్లని చెబుతారు. 2020లో కరోనా కాలంలో ఆసియా మార్కెట్‌లో అది 2 డాలర్లకు పడిపోయింది. 2022లో రష్యా ఉక్రెయిన్‌పై దాడి చేశాక, పైపులైను గ్యాస్ తగ్గిపోయిన ఐరోపా దేశాలు ఎల్‌ఎన్‌జీ ఓడల కోసం పోటీపడ్డాయి. ఆ ఆగస్టులో ధర 50 డాలర్లు దాటింది. రెండేళ్ళలో పాతిక రెట్లు! ఒక రష్యన్ సంస్థకు చెందిన సింగపూర్ విభాగం గెయిల్‌కు ఒప్పందం ప్రకారం పంపవలసిన సరుకులు పంపలేదు. మన దిగుమతులు ఆ ఏడాది తగ్గాయి. మనకు బొగ్గు ఉంది కాబట్టి దీపాలు ఆరలేదు. విద్యుత్తుకు ప్రధానంగా గ్యాస్ మీదే ఆధారపడిన బంగ్లాదేశ్ ఆ జూలైలో మార్కెట్ నుంచి ఎల్‌ఎన్‌జీ కొనడం ఆపేసి, వంతులవారీ కోతలు ప్రకటించింది. 1952లోనే సుయి దగ్గర పెద్ద గ్యాస్ క్షేత్రం కనుగొన్న పాకిస్తాన్‌లో ఇప్పటికీ వంటగ్యాసును "సుయి గ్యాస్" అనే పిలుస్తారు. సొంత నిల్వలు తరిగి దిగుమతికి అలవాటుపడ్డ ఆ దేశానికీ అదే అవస్థ. మన ఇరుగుపొరుగు అనుభవాలు చూడకుండా 15 శాతం గురించి మాట్లాడుకోవడం తొందరపాటు.

ఇప్పుడు పైపుల అతుకుల సంగతి. ఇక్కడ మీ చేత ఒక లెక్క చేయిస్తాను, కాగితం తీసుకోండి. ఒక కిలో మీథేన్ పూర్తిగా మండితే 2.75 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. మండకుండా గాలిలో కలిసిన ఒక కిలో మీథేన్, తరువాతి 20 ఏళ్ళలో సుమారు 82 కిలోల కార్బన్ డై ఆక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. మీథేన్ గాలిలో పన్నెండేళ్ళ ప్రాంతంలో చాలావరకు విచ్ఛిన్నమై పోతుంది కాబట్టి 100 ఏళ్ళ లెక్క తీసుకుంటే ఆ సంఖ్య సుమారు 30కి తగ్గుతుంది.

బావి నుంచి 100 కిలోల గ్యాస్ తీశారనుకోండి. దారిలో 3 కిలోలు లీకయి, 97 కిలోలు బాయిలర్‌లో మండాయి. మండినదాని నుంచి 267 కిలోల కార్బన్ డై ఆక్సైడ్ వస్తుంది. లీకయిన 3 కిలోలు 20 ఏళ్ళ లెక్కన 246 కిలోలతో సమానం. మొత్తం 513. అదే వేడిని బొగ్గుతో పొందితే సుమారు 460 కిలోలు. అంటే నూటికి మూడు పాళ్ళు లీకయితే చాలు, వచ్చే 20 ఏళ్ళ మట్టుకు గ్యాస్ బాయిలర్ బొగ్గు బాయిలర్ కంటే మెరుగేమీ కాదు. 100 ఏళ్ళ లెక్క వేస్తే మొత్తం 357 వచ్చి గ్యాసే గెలుస్తుంది. కంబైన్డ్ సైకిల్ కేంద్రమయితే దాని సామర్థ్యం వల్ల 20 ఏళ్ళ లెక్కలోనూ కొంత మేలు మిగులుతుంది. బొగ్గు గనుల నుంచి కూడా మీథేన్ వెలువడుతుంది కాబట్టి నిజమైన పోలిక ఇంకొంచెం గ్యాస్ వైపు మొగ్గుతుంది. "గ్యాస్ శుభ్రమైన ఇంధనం" అని ఎవరైనా అన్నప్పుడు "ఎంత లీకు, ఎన్నేళ్ళ లెక్క, ఏ యంత్రం" అనే మూడు ప్రశ్నలు అడగండి.

లీకు అంటే వాతావరణం లెక్క ఒక్కటే కాదు, ప్రాణాల లెక్క కూడా. 1995 జనవరి 8న కోనసీమలోని పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజుల పాటు మండింది. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఇళ్ళు వదిలి వెళ్ళిపోవలసి వచ్చింది. 2014 జూన్ 27న అదే సీమలోని నగరం గ్రామంలో గెయిల్ పైపులైను నుంచి గ్యాస్ తెల్లవారక ముందే లీకయి ఊరంతా కమ్ముకుంది. నిప్పు అంటుకోగానే ఇళ్ళు, కొబ్బరి చెట్లు కాలిపోయాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో నీరు, ఇతర ద్రవాలు కలిసిన గ్యాసును పంపడం వల్ల అది తుప్పు పట్టిందని విచారణలో తేలింది. దేశానికి గ్యాస్ ఇచ్చిన నేల దాని ముప్పును కూడా మోసింది. ఇంధన విధానం అనే మాటలో పైపుల తనిఖీ, మరమ్మతు కూడా ఉండాలి. వాటికి శిలాఫలకాలూ ప్రారంభోత్సవాలూ ఉండవు కాబట్టి అవి వెనకబడిపోతుంటాయి.

మరి గ్యాసును వదులుకోవాలా? నా అభిప్రాయంలో "ఎంత" అనే ప్రశ్న కంటే "ఎక్కడ" అనే ప్రశ్న ముఖ్యం. 1998 జూలైలో సుప్రీంకోర్టు ఢిల్లీ బస్సులన్నిటినీ సీఎన్‌జీకి మార్చాలని ఆదేశించింది. గడువులు దాటి, పంపుల ముందు బారులు తీరి, విమర్శలు చెలరేగినా 2002 చివరికల్లా ఆ పని జరిగింది. డీజిల్ మసి తగ్గింది. అక్కడ గ్యాస్ చేసిన మేలు కార్బన్ డై ఆక్సైడ్ విషయంలో కంటే ఊపిరితిత్తుల విషయంలో ఎక్కువ. గుజరాత్‌లోని మోర్బీలో టైల్స్ తయారీ బట్టీలు నాసిరకం బొగ్గు వాయువును వాడుతుంటే, కాలుష్యం కారణంగా 2019 మార్చిలో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ బొగ్గు యంత్రాలను మూసివేయించింది. బట్టీలు సహజవాయువుకు మారాయి. అయితే 2022లో ధర పెరగ్గానే చాలామంది యజమానులు ప్రొపేన్ వైపు తిరిగారు. ఆదేశంతో గ్యాసుకు మారిన పరిశ్రమను గ్యాసు దగ్గర నిలబెట్టేది ధరే.

రామగుండం కథ ఇంకా విశేషమైనది. బొగ్గు గనుల నడుమ ఉందని అక్కడ బొగ్గు ఆధారంగానే యూరియా కర్మాగారం కట్టారు. 1980లో ఉత్పత్తి మొదలై, నష్టాలతో 1999లో మూతపడింది. 2021లో అదే చోట కొత్త కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది, ఈసారి కోస్తా వైపు నుంచి పైపులో వచ్చే గ్యాస్‌తో. ఎరువుల విషయంలో సౌర ఫలకాలతో నేరుగా గ్యాసును భర్తీ చేయడం కుదరదు, ఎందుకంటే అక్కడ కావలసింది విద్యుత్తు కాదు, హైడ్రోజన్. నీటిని విద్యుత్తుతో విడగొట్టి హైడ్రోజన్ తీయవచ్చు, కాని యూరియాకు కార్బన్ కూడా కావాలి. గ్యాస్ వాడినప్పుడు అది అందులోంచే వస్తుంది.

విద్యుత్తు సంగతి వేరు. 2021 నవంబరులో గ్లాస్గోలో మన దేశం 2070 నాటికి నికర శూన్య ఉద్గారాల స్థితికి చేరతామని ప్రకటించింది. 2030కల్లా స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర ఇంధనాలది కావాలన్న లక్ష్యం 2025లోనే నెరవేరింది. అయితే అది సామర్థ్యంలో సగమే, ఉత్పత్తిలో సగం కాదు. సూర్యుడు అస్తమించే వేళకే ఇళ్ళలో దీపాలు, ఏసీలు వేస్తాం. ఆ రెండు మూడు గంటల అవసరానికి త్వరగా అందుకునే కేంద్రాలు కావాలి. నేను గుర్తుంచుకోమన్న గుణం ఇక్కడ పనికొస్తుంది. 2024 వేసవిలో, మే, జూన్ నెలలకు, కేంద్ర ప్రభుత్వం విద్యుత్ చట్టంలోని 11వ సెక్షన్ కింద గ్యాస్ కేంద్రాలన్నీ సిద్ధంగా ఉండాలని ఆదేశించింది. ఏడాదంతా మూలనపడి ఉండే యంత్రాలను ఎండాకాలపు సాయంత్రాల కోసం లేపారన్నమాట. ఇది సరైన వాడకమే అనుకుంటాను. అయితే బ్యాటరీల ధరలు పడిపోతున్న కొద్దీ ఈ సాయంత్రపు పనికి కూడా గ్యాసుకు పోటీ పెరుగుతోంది. పగలూ రాత్రీ నడిపే కేంద్రాల కోసం ఖరీదైన ఎల్‌ఎన్‌జీని తెప్పించడం మాత్రం మన దేశానికి ఏ లెక్కలోనూ పొసగదు. బొగ్గు దానికంటే చౌక, సౌరవిద్యుత్తు బొగ్గు కంటే చౌక.

పాత క్షేత్రాల గ్యాస్ ధరను ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో ముడిచమురు ధరతో ముడిపెట్టి, గరిష్ఠంగా 6.5 డాలర్లని పరిమితి విధించింది. ఆ చౌక గ్యాసును ముందుగా ఇళ్ళకు, సీఎన్‌జీ వాహనాలకు కేటాయిస్తున్నారు. వాహనాలు పెరుగుతుంటే అది కూడా చాలక మిగతాది కొనవలసి వస్తోంది. ఖతార్‌తో పాత ఒప్పందాన్ని 2024 ఫిబ్రవరిలో పొడిగించారు: 2028 నుంచి 2048 దాకా ఏటా 75 లక్షల టన్నులు. ఆ ఓడలు హోర్ముజ్ జలసంధి దాటే రావాలి. మరోవైపు పేడ, చెరకు మడ్డి, పంట వ్యర్థాల నుంచి తీసిన బయోగ్యాసును శుద్ధి చేస్తే అది కూడా మీథేనే. 2018లో ఇందుకోసం "సతత్" పథకం ప్రారంభించారు. నగరాల్లో గ్యాస్ పంపిణీ చేసే సంస్థలు 2025-26లో 1 శాతంతో మొదలుపెట్టి 2028-29 నాటికి 5 శాతం బయోగ్యాస్ కలపాలని నిబంధన పెట్టారు. మీ ఊళ్ళో గ్యాస్ పైపు కోసం వీధి తవ్వుతుంటే ఒక నిమిషం ఆగి చూడండి. ఆ కందకంలో దించే పసుపుపచ్చ గొట్టం 2048 తరువాత కూడా భూమిలోనే ఉంటుంది.